ఏలూరు గారి హారను

మా ఇంట్లో రేడియో పక్కన ఒక ఇత్తడి హారను ఉంటుంది. వంకర మెడ, వెనక పిసకడానికి నల్లటి రబ్బరు బంతి. మనవలు వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకుని ఇల్లు పీకి పందిరేస్తారు. "ఇది ఎవరిది తాతయ్యా?" అని అడిగితే నాకు ఒక పట్టాన జవాబు రాదు. పందెంలో గెలుచుకున్నాను, పందెంలోనే పోగొట్టుకున్నాను, అయినా అది నా దగ్గరే ఉండిపోయింది. మొన్న పొద్దున్న ఏలూరు గారు పోయారని ఫోను వచ్చింది. ఫోను పెట్టేసి నేను చేసిన మొదటి పని దాన్ని కిందికి దించి తుడవడం.

ఆయనకి పేరు లేక కాదు. మా ముగ్గురిలో ఎవరం ఎవర్నీ పేరు పెట్టి పిలుచుకోలేదు. నాది తాడేపల్లిగూడెం కనక నేను గూడెం గారిని. ఆయన ఏలూరు గారు. భీమడోలులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరుగారు మాత్రం డాక్టరుగారే. ఆ పంతొమ్మిది వందల యాభైల్లో మా ముగ్గురికీ పట్టిన జబ్బు ఒకటే, మోటారు పిచ్చి. దానికి మందు లేదని డాక్టరుగారు మొదటి పరిచయంలోనే తేల్చేశారు. ఆయన తన మోటారు సైకిలు మీద వచ్చి మా ఇద్దరికీ అంపైరుగా ఉండేవారు.

నాది ఇంగ్లీషు కారు, చిన్నది. మిల్లు పనుల మీద తిరగడానికని మా నాన్నగారు కొంటే, అది తిరగడానికి నేను పనులు కల్పించుకునేవాణ్ణి. ఏలూరు గారిది అమెరికా కారు, యుద్ధానికి ముందుది. ఎదురుగా వస్తుంటే ఓ గడ్డిమేటు కదిలొస్తున్నట్టే ఉండేది. ఇంగ్లీషు బండి గొప్పదా, అమెరికా బండి గొప్పదా? దేశంలో ఇంకే సమస్యా లేనట్టు ప్రతి ఆదివారం భీమడోలు స్టేషను ఎదురుగా ఉన్న హోటలు ముందు రెండు కార్లూ ఆపి, రెండు బానెట్లూ ఎత్తి, పెసరట్లు తింటూ దీని మీదే కొట్టుకునేవాళ్ళం.

"ఏవండీ గూడెం గారూ, ఇందాక దూరం నుంచి మీ బండి సౌండు విని, మా ఆవిడ కుట్టుమిషను ఎవరో ఎత్తుకొస్తున్నారేంటా అని కంగారు పడ్డానండీ."

"మీ బండి తాగడం చూస్తే నాకు మరీ కంగారండీ. ఏలూరు కాలవలో నీళ్ళకి బదులు పెట్రోలు వదిలినా సాయంత్రానికి అడుగు తేలుతుందండీ."

"పెద్ద ప్రాణం కదండీ, ఆ మాత్రం తాగుతుంది. మీదానికి పాలసీసా పడితే చాలు, పడుకుంటుంది."

డాక్టరుగారు తల పట్టుకునేవారు. "తిట్టుకోవడానిక్కూడా ఇంత మర్యాదేంటండీ బాబూ మీకు!"

ఏలూరు గారు ఎవర్నీ "బాగున్నారా?" అని అడగగా నేను వినలేదు. "బండి బాగుందా?" అనేవారు. బండి లేనివాళ్ళనైతే ఏమడగాలో తోచక నవ్వి ఊరుకునేవారు. కారెక్కే ముందు చెప్పులు విప్పేసేవారు. అదేంటండీ అంటే, "ఇంజను ఏమంటోందో కాలికి తెలియాలండీ. మధ్యలో ఈ తోలెందుకు?" అనేవారు. విప్పిన చెప్పులు విప్పినచోటే ఉండిపోయేవి. భీమడోలు హోటలు గుమ్మంలో ఆయన జత ఒకటి ఎప్పుడూ ఉండేది, హోటలాయన ఆదివారం నుంచి ఆదివారం దాకా దాన్ని కాపాడేవాడు. ఏలూరులో దిగి ఇంట్లోకి వెళ్ళేది వట్టి కాళ్ళతోనే.

ఆయన చేష్టల్లో నన్ను కాల్చుకు తిన్నది మాత్రం న్యూసు పేపరు. రోడ్డు మీద నన్ను దాటేసి వెళ్ళిపోయి, ముందెక్కడో ఓ తుమ్మచెట్టు కింద కారాపి, బానెట్టు మీద కాళ్ళు మడుచుకు కూర్చుని పేపరు చదువుతూ ఉండేవారు. నేను చేరేసరికి దాన్ని తీరిగ్గా మడిచి, "వచ్చారా! మీ కోసం చూస్తూ చూస్తూ ప్రకటనలు కూడా చదివేశానండీ" అనేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు! ఆ మంటలోనే నవ్వొచ్చేది.

ఇక దాటేటప్పుడు ఆ హారను. కారుతో వచ్చిన కరెంటు హారను ఏనాడో మూగబోయిందట. మద్రాసు నుంచి ఈ ఇత్తడిది తెప్పించి తలుపు బయట బిగించుకున్నారు. రెండు మోతలు మోగించేవారు, మొదటిది పొట్టిగా, రెండోది పొడుగ్గా. ఆ రెండోదాన్ని నా కారు ముక్కు దాటేదాకా సాగదీసి సాగదీసి వదిలేవారు. పక్క పొలంలో వరి నాట్లు ఊడుస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి చూసి, "పాపం, చిన్న కారాయన మళ్ళీ వెనకబడ్డాడే" అని నవ్వుకునేవారు.

మా అసలు పండగ మే నెలలో వచ్చేది. భీమడోలు నుంచి దక్షిణంగా దిగితే కొల్లేరు. వానాకాలంలో పడవ లేనిదే నీళ్ళ మధ్యనున్న లంక ఊళ్ళకి పోలేం. ఎండలు ముదిరేసరికి నీళ్ళు లోపలికి తగ్గిపోయి, గట్టు నుంచి లంక దాకా బీటలు తీసిన నేల పరుచుకుంటుంది. రాయి లేదు, గోతి లేదు, గేటు లేదు, ఎదురొచ్చే బస్సు లేదు. మోటారు పిచ్చివాడికి అంతకంటే స్వర్గం ఏముంటుంది చెప్పండి? ఈవలి గట్టు మీద డాక్టరుగారు తువ్వాలు ఊపుతారు. ఎవరు ముందు లంక గట్టు ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు. దుమ్ము ఆకాశానికి లేచేది. లంక జనమంతా గట్టు మీదికి వచ్చి ఈలలు వేసేవాళ్ళు.

పందేనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఓడినవాడి బండిలోంచి గెలిచినవాడు ఏదడిగితే అది విప్పి ఇచ్చెయ్యాలి, మళ్ళీ మే దాకా అడగకూడదు. అంతకు ముందటేడు పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవచ్చు, లేదా కొత్తది అడగొచ్చు, రెండూ కుదరవు. ఒక ఏడు ఆయన గెలిచి నా కారు వెనక సీటు అడిగారు. నిజంగా విప్పి పట్టుకుపోయారండీ! ఏడాది పొడుగునా మా ఇల్లాలు వెనక పీట వేసుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా నన్నూ ఆయన్నీ కలిపి దీవించేది.

ఆ మరుసటి మే నెలకి నేను కసి మీదున్నాను. మా ఇల్లాలు బయల్దేరేటప్పుడే చెప్పింది, "గెలిస్తే సీటు తెండి, లేకపోతే ఇంటికి రాకండి" అని. తువ్వాలు లేచింది. ఆయన కారు మొదటి ఊపులోనే ముందుకి దూకింది. నేను ఎడ్లబండ్ల జాడ పట్టుకుని నొక్కుతున్నాను. సగం దూరం వెళ్ళాక కుడి చేతివైపు ఒక పెద్ద మడి, అద్దంలా నున్నగా, ఒక్క బీట కూడా లేకుండా కనిపించింది. మోటారు మనిషికి నున్నటి నేల కనిపిస్తే ఇంకేం కావాలి! ఏలూరు గారు స్టీరింగు అటు తిప్పేశారు. పొట్టి మోతా పొడుగు మోతా మోగించి మరీ తిప్పారు.

రోడ్డు మీద నున్నగా ఉన్నదే మంచి దారి. కొల్లేట్లో బీటలు తియ్యలేదంటే కింద ఇంకా ఆరలేదని. అమెరికా కారు కొంత దూరం పరిగెత్తి, నెమ్మదించి, కూర్చుంది. కూర్చోవడమంటే మామూలుగా కాదు, తలుపుల దాకా నల్ల బురదలో దిగిపోయింది. నేను లంక గట్టెక్కేసి, కారాపి, సీటు కింద దాచిన పేపరు తీసి, బానెట్టు మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. ఎంత కాలంగా దాచానో ఆ పేపరు!

లంకవాళ్ళు మోకులు కట్టి గేదెలతో లాగించారు. ఏలూరు గారు మోకాలి లోతు బురదలో నిలబడి గేదెలకి కూడా, "ఏవండీ, ఇంకొక్క పట్టు పట్టండీ, మీకు పుణ్యముంటుంది" అని చెబుతున్నారు. కారు బయటపడి గట్టు దగ్గరికి చేరాక నేను పేపరు మడిచి, "వచ్చారా! ప్రకటనలు కూడా అయిపోయాయండీ" అన్నాను. ఆయన ముఖం మీద పళ్ళు తప్ప ఏమీ తెల్లగా లేవు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

"అడగండి గూడెం గారూ. సీటేగా?"

సీటే అడగాలి. పీట మీద కూర్చున్న మా ఇల్లాలు కళ్ళ ముందు మెదిలింది కూడా. కానీ ఇన్నేళ్ళుగా నా చెవుల్లో మోగుతున్న ఆ రెండు మోతలు నన్ను ఊరుకోనిస్తేనా! "హారను" అన్నాను.

ఆయన నవ్వు ఒక్క క్షణం ఆగింది. డాక్టరుగారు చూడలేదు గాని నేను చూశాను. తర్వాత పానా తీసి తనే విప్పి, కండువాకి బురద లేనిచోటు వెతికి తుడిచి, నా చేతికిచ్చారు. "పందెం పందెమేనండీ" అన్నారు.

ఆ ఏడు ఏలూరు బజారు చూడాలి! అంత పెద్ద కారు, హారను లేదు. ఏలూరు గారు తల కిటికీలోంచి బయటపెట్టి, "ఏవండీ, వెనక కారుందండీ, కాస్త జరగండీ" అని మనిషికీ ఆవుకీ తేడా లేకుండా బతిమాలుకుంటూ వెళ్ళేవారు. జనం జరగడానికి బదులు ఆగి, కుశలప్రశ్నలు వేసేవాళ్ళు. ఆదివారం వచ్చి ఆ కథలన్నీ ఆయనే అభినయించి చెబుతుంటే మాకు పెసరట్లు గొంతు దిగేవి కాదు. కొన్నాళ్ళకి ఆయన గొంతు బొంగురుపోయింది. ఏంటండీ అంటే, దుమ్మండీ అన్నారు.

మిల్లు సామాను కోసం ఏలూరు వెళ్ళినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అన్నాళ్ళ స్నేహంలో అదే మొదటిసారి, మా స్నేహమంతా రోడ్ల మీదే కదా. కాలవ వంతెన దాటి మలుపు తిరిగితే నాలుగడుగుల్లో ఇల్లు. అరుగు మీద నా కారు సీటు! దాని మీద ఒక పెద్దావిడ, ముఖం వీధి వైపు తిప్పుకుని కూర్చుని ఉన్నారు.

"ఎవరది?"

"గూడెం నుంచండీ. మీ అబ్బాయిగారి స్నేహితుణ్ణి."

"రా నాయనా, ఇలా కూర్చో. ఈ సోఫా భలే మెత్తగా ఉంటుంది. మావాడు పందెంలో గెలుచుకొచ్చాడు. పాపం ఆ పోగొట్టుకున్నాయన పెళ్ళాం పీట మీద కూర్చుంటోందట."

"అవునండీ, నేనూ విన్నానండీ" అని నా సీటు మీద ఓ చివర కూర్చున్నాను.

మంచినీళ్ళు తెచ్చిన ఏలూరు గారి భార్య నన్ను లోపలికి రమ్మని గొంతు తగ్గించి చెప్పింది. "అత్తయ్యగారికి చూపు బొత్తిగా లేదండీ అన్నయ్యగారూ. మలుపులో ఆ హారను మోగితే చాలు, లేచేవారు. చీర సర్దుకుని, 'అన్నం వార్చావటే, వాడొచ్చేశాడు' అని నన్ను కేకేసి, స్తంభం పట్టుకుని నిలబడేవారు. రోజు మొత్తం మీద ఆ కాసేపే ఆవిడకి పండగండీ. ఇప్పుడు ఈయన ఎదురుగా నిలబడి అమ్మా అనేదాకా తెలియట్లేదు. 'దొంగలా వస్తున్నావేంట్రా నా ఇంటికి' అని నొచ్చుకుంటున్నారు. లేవడం మానేశారు. అన్నం కూడా సగంలో చెయ్యి కడిగేస్తున్నారు."

"కారు చప్పుడు తెలియదామ్మా?"

"ఈ వీధిలో పొద్దస్తమానం లారీలేనండీ. అందుకని ఈయన నోటితో ఊదుతున్నారు. అచ్చం అలా ఊదడం ఇంకా రాలేదనుకోండి."

అంతలోనే మలుపులోంచి ఒక వింత అరుపు వినిపించింది. అరుగు మీద పెద్దావిడ, "అమ్మాయ్, పక్కింటివాళ్ళ దూడకి ఏదో అయినట్టుంది, చూడవే" అన్నారు. ఏలూరు గారు గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, దొరికిపోయినట్టు నవ్వారు. ఆ బొంగురు గొంతు దుమ్ముది కాదని అప్పుడర్థమైంది నాకు.

"రేపే తెచ్చిచ్చేస్తానండీ హారను" అన్నాను.

"వద్దండీ. మీరు పీట మీద పెళ్ళాన్ని కూర్చోబెట్టి తిప్పారు గాని సీటు అడిగారా? నేనూ గెలిచే తీసుకుంటాను."

"అమ్మగారండీ..."

"మే దాకా అమ్మని నేను చూసుకుంటానండీ. మీరు మీ కుట్టుమిషనుకి నూనె పెట్టుకోండి."

ఇక ఏలూరు గారికి ఆ చలికాలమంతా సాధనే. దారిలో తుమ్మచెట్ల కింద కారాపుకుని, అరచెయ్యి దోనెలా మడిచి నోటికి ఆనించి ఊదుకునేవారు. ఒక ఆదివారం నేను భీమడోలు గేటు దగ్గర రైలు కోసం ఆగి ఉంటే వెనకనుంచి అచ్చం అవే రెండు మోతలు. అదిరిపడి మా ఇంట్లో ఉండాల్సిన హారను ఇక్కడికెలా వచ్చిందా అని తిరిగి చూశాను. ఏలూరు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, పట్టరాని సంతోషంతో, "అమ్మ లేచిందండీ నిన్న! చీర సర్దుకుందండీ!" అని అరిచారు. గేటుమనిషి కూడా నవ్వాడు. నేను కారు దిగి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అయితే ఇంక హారను అక్కర్లేదేమో మీకు?"

"అదేంటండీ! ఈ నోటిదానికే లేచిందంటే, అసలుది వినిపిస్తే గంతులేస్తుంది చూడండి. మే రానివ్వండి."

మే వచ్చింది. ఓడిపోదామా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. కానీ ఆయన దగ్గర అలాంటివి చెల్లవు, కనిపెట్టి ముఖం చూడ్డం మానేస్తారు. ప్రాణం పెట్టి తోలాను. సగం దూరానికి నేనే ముందున్నాను. కుడి చేతివైపు మళ్ళీ ఆ మడి, ఈసారి సన్నగా, చూసీ చూడనట్టు బీటలు తీసి ఉంది. నేను జంకి బండ్ల జాడలోనే ఉన్నాను. అమెరికా కారు సూటిగా దాని మీదికి దూకింది. గట్టు మీద జనం ఓ అని అరిచారు. కారు దిగబడలేదు! దుమ్ము రేపుకుంటూ అడ్డంగా కోసేసి, నా ముక్కు ముందు నుంచి లంక గట్టెక్కింది. ఎక్కుతూ నోటితోనే రెండు మోతలు ఊదారాయన, రెండోదాన్ని నేను చేరేదాకా సాగదీశారు.

"ఎంత తెగింపండీ మీకు!" అన్నాను ఆయాసంగా.

"తెగింపెక్కడిదండీ. నిన్న సాయంత్రం చెప్పులు విప్పి ఆ మడంతా నడిచానండీ. కాలికి తెలిసింది, ఆరిపోయిందని."

నేను వెంట తెచ్చిన హారను అక్కడికక్కడే బిగించుకున్నారు. ఆ సంబరం మమ్మల్ని నిలవనివ్వలేదు. ఆయన ముందు, నేను వెనక, డాక్టరుగారు మోటారు సైకిలు మీద పక్కన, పెళ్ళివారిలా ఏలూరు దాకా వెళ్ళాం. వంతెన దాటాక ఏలూరు గారు వెనక్కి తిరిగి మాకు కళ్ళెగరేసి, మలుపులో రబ్బరు బంతి నొక్కారు. పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి.

పెద్దావిడ కదల్లేదు. కారు ఇంటిముందు ఆగింది. "ఎవరో కారాయన వచ్చినట్టున్నాడే అమ్మాయ్, మనవాడు కాదు. చూడు ఎవరు కావాలో" అన్నారు.

ఏలూరు గారు స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత ఆయన కారు వెనక్కి, మలుపు దాకా తీసుకెళ్ళారు. తల కిటికీలోంచి బయటపెట్టి, అరచెయ్యి మడిచి ఊదారు.

పెద్దావిడ చటుక్కున లేచారు. చీర సర్దుకున్నారు. "అన్నం వార్చావటే, వాడొచ్చేశాడు!" అని లోపలికి కేకేసి, స్తంభం పట్టుకుని నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది. ఏలూరు గారు కారు దిగి వస్తూ నవ్వుతున్నారు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, రెండిట్లో ఏదీ దాచుకోలేదు ఆయన.

భోజనాలయ్యాక హారను విప్పి నా ఒళ్ళో పెట్టారు. "ఉంచుకోండి గూడెం గారూ. ఇన్నాళ్ళూ నా నోటి మోత వినీ వినీ, ఇది నాది కాదని మా అమ్మే చెప్పేసింది కదండీ."

"మరి నా సీటండీ?"

"మీరే చూశారుగా, అమ్మ కూర్చుని ఉంది. లేపమంటారా?"

మా ఇల్లాలికి నేను కొత్త సీటు చేయించాల్సి వచ్చింది. తర్వాత పెద్దావిడ పోయారు, రెండు కార్లూ మూలపడ్డాయి, డాక్టరుగారూ వెళ్ళిపోయారు. ఏలూరు గారు మాత్రం చివరిదాకా ఆ మలుపులో నోటితో ఊదకుండా ఇంటికి రాలేదట, సైకిలు మీద వచ్చినా, నడిచి వచ్చినా.

కబురు తెలిసిన రోజునే ఇప్పుడున్న కారు తీసి, హారను పక్క సీట్లో పెట్టుకుని ఏలూరు బయల్దేరాను, ఇంట్లో ఇచ్చేద్దామని. వంతెన దాటాక మలుపులో కారాపి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. రబ్బరు బంతి మీద వేళ్ళు పడ్డాయి కూడా. ఆ వీధిలో అది ఎవరో పరాయివాడి హారను. పక్కన పెట్టేసి, తల బయటపెట్టి, అరచెయ్యి మడిచి ఊదాను. కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు.

అరుగు మీద నా సీటు అక్కడే ఉంది, గుడ్డ మార్చారు. దాని మీద కూర్చున్న ఆయన భార్య గబుక్కున లేచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పట్టుకోబోతే విడిపించుకుని వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. నేను దిగి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. చెయ్యరాని పని చేశాననిపించి తల దించుకున్నాను.

"మీకింకా రాలేదండీ అన్నయ్యగారూ" అంది ఆవిడ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "రెండోది బాగా సాగాలి."

"అలాగేనమ్మా" అని, కారెక్కి, మలుపు దాకా వెనక్కి వెళ్ళాను.